ఎరిక్సన్ నెత్తిన రుద్దిన వయసుల పట్టిక

టెట్‌కో డీఎస్సీకో చదువుతున్న అభ్యర్థిని ఎవరినైనా నిద్రలో లేపి అడగండి: 12 నుంచి 18 ఏళ్ల మధ్య వచ్చే సంక్షోభం ఏది? ‘పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం’ అని కళ్లు తెరవకుండానే చెప్పేస్తారు. సిద్ధాంతకర్త ఎవరు? ఎరిక్ ఎరిక్సన్. దశలు ఎన్ని? ఎనిమిది. ‘శిశు వికాసం, పెడగాజీ’ పేపర్లో ఒక మార్కు వచ్చేసినట్టే. గైడులో ఎడమ పక్క వయసు, మధ్యలో సంక్షోభం పేరు, కుడి పక్క ఫలితం. మూడు నిలువు గళ్లలో మనిషి పుట్టుక నుంచి చావు వరకు సర్దేశారు.

పరీక్షతో ఆగిపోతే ఈ పట్టిక గురించి ఇంత రాయాల్సిన పని లేదు. మార్కు తెచ్చుకున్నవాళ్లు ఉపాధ్యాయులవుతారు, కౌన్సెలర్లవుతారు, వ్యక్తిత్వ వికాస వేదికలెక్కుతారు. పట్టిక వాళ్లతోనే వెళ్తుంది. మూడేళ్ల పిల్లాడు నలుగురిలో కలవకపోతే ‘స్వయంప్రతిపత్తి దశ దెబ్బతింది’ అని తల్లిని భయపెడతారు. 18 నిండినా ఏం కావాలో తేల్చుకోని కుర్రాడిని ‘ఐడెంటిటీ కుదరలేదు, ఇక జీవితాంతం ఇంతే’ అంటారు. ముప్పై దాటినా పెళ్లి కాని అమ్మాయికి ‘సన్నిహితత్వం – ఏకాంతం’ చూపించి, శాస్త్రం కూడా మీ నాన్న మాటే చెబుతోందని నచ్చజెబుతారు. చివర్లో ఎవరో ఒకరు లేచి, ఇదంతా మన బ్రహ్మచర్య, గార్హస్థ్య, వానప్రస్థ, సన్యాసాల్లో ఉన్నదే, పాశ్చాత్యులు ఆలస్యంగా కనిపెట్టారని ముక్తాయిస్తారు. చప్పట్లు మోగుతాయి.

వీటిలో ఏ ఒక్క మాటా ఎరిక్సన్ పుస్తకాల్లో నిలవదు.

ఎరిక్సన్ మొదటి పుస్తకం ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ 1950లో వచ్చింది. ఎనిమిది దశల పటం అందులోనే ఉంది. భార్య జోన్‌తో కలిసి ఆలోచించి తయారుచేసుకున్న పటం అది. అదే ఏడు వాషింగ్టన్‌లో బాలల మీద జరిగిన వైట్‌హౌస్ సమావేశానికి రాసిన పత్రంలోనూ ఈ దశలనే వివరించాడు. ఆ పటం మన గైడుల్లో ఉన్నట్టు ఎనిమిది వరసల జాబితాగా ఉండదు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 గళ్లు. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా వెళ్లే ఎనిమిది గళ్లలోనే పేర్లు రాసి, మిగతా 56 ఖాళీగా వదిలేశాడు. మనవాళ్లు ఐమూల గీతను తీసుకొచ్చి నిటారుగా నిలబెట్టి అచ్చేశారు. ఖాళీ గళ్లను చెత్తబుట్టలో పడేశారు. సిద్ధాంతంలో సగం ఆ ఖాళీల్లోనే ఉంది.

ఆ ఖాళీలు ఎందుకు? గర్భంలో పిండం ఎదిగే తీరు నుంచి ఎరిక్సన్ ఒక ఊహ తీసుకున్నాడు. ప్రతి అవయవానికీ పైకి తేలే సమయం ఒకటుంటుంది. కానీ అది ఆ సమయానికి ముందే ఏదో ఒక రూపంలో ఉంటుంది, తర్వాత కూడా ఎదుగుతూనే ఉంటుంది. మనసు సంగతీ అంతే అన్నాడు. పసిబిడ్డ పక్క గదిలో తల్లి గొంతు విని ఏడుపు ఆపుకోవడం నమ్మకం. ఆ నమ్మకం ఏడాది నిండగానే ఫైలు మూసేసి అటకెక్కించే వ్యవహారం కాదు. 1959లో వచ్చిన ‘ఐడెంటిటీ అండ్ ద లైఫ్ సైకిల్’లో కౌమారానికి సంబంధించిన వరసను నింపి చూపించాడు కూడా. శైశవంలోని నమ్మకం పదిహేడేళ్ల వయసులో కాలం గురించిన ప్రశ్నగా తిరిగొస్తుంది: రేపు అనేది నా కోసం వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు దొరకని కుర్రాడికి కాలం గడ్డకట్టినట్టుంటుంది, పొద్దున లేవబుద్ధి కాదు. బడి ఈడులో నేర్చిన శ్రమ మళ్లీ వచ్చి, ఏదైనా సాధించగలనన్న ఊహగానైనా మారుతుంది, పుస్తకం ముందు కూర్చుంటే చెయ్యాడని స్థితిగానైనా మారుతుంది. హాస్టల్ గదుల్లో ఈ రెండో రకం పిల్లల్ని చూసిన ప్రతి లెక్చరర్‌కీ ఆ గడి అర్థమవుతుంది. గైడులో మాత్రం ఆ గడి లేదు.

ఇక పాసు, ఫెయిలు సంగతి. నమ్మకం మంచిది, అపనమ్మకం చెడ్డది, మొదటిది గెలిస్తే దశ దాటినట్టు. బోధన ఇలా సాగుతోంది. ఎరిక్సన్ బతికుండగానే అమెరికాలోనూ ఇలాగే చదివారు. అందుకే 1963 నాటి రెండో ముద్రణలో ఆయన అధోజ్ఞాపిక ఒకటి రాసి, తన దశలను విజయాల కొలబద్దగా మార్చి, చెడ్డ భావాలన్నిటినీ శాశ్వతంగా ఓడించి దాటినట్టు చూపేవాళ్లను మందలించాడు. ఆయన అడిగింది ఏది ఎంత పాళ్లలో ఉందని. రెండు వైపుల భావాలూ మనిషిలో ఉంటాయి, ఉండాలి, అనుకూలమైనది కాస్త ఎక్కువ పాళ్లలో ఉంటే చాలు. అపనమ్మకం బొత్తిగా లేని పిల్ల ఎవరు పిలిచినా వెంట వెళ్లిపోతుంది. సిగ్గు, అపరాధ భావన ఏ కోశానా లేని మనిషి పక్క ఇంట్లో ఉంటే మీరు తాళం మార్చుకుంటారు.

పెళ్లి మాటకొద్దాం. ‘సన్నిహితత్వం’ అనే దశలో ఎరిక్సన్ దాంపత్యాన్ని చెప్పిన మాట నిజమే, ఆయన కాలపు వైద్యుల తరహాలో స్త్రీపురుష సంబంధాన్నే ఆదర్శంగా పెట్టుకున్న మాటా నిజమే. కానీ అదే పేరాలో గాఢమైన స్నేహం ఉంది, ప్రాణాలొడ్డి పోరాడే సహచరుల బంధం ఉంది, గురువు రగిలించిన స్ఫూర్తి ఉంది. తనను తాను పోగొట్టుకుంటానన్న భయం లేకుండా ఇంకొకరికి దగ్గర కావడం ఆయన లెక్కలో సన్నిహితత్వం. ఆ లెక్కన పెళ్లై ఇరవై ఏళ్లైనా ఏకాంతంలోనే ఉన్న భార్యాభర్తలు మన వీధికి పదిమంది తేలతారు. తర్వాతి దశ ‘ఉత్పాదకత’ కూడా పిల్లల్ని కనడం ఒక్కటే కాదని, ఆ శ్రద్ధను సొంత బిడ్డల మీద కాక ఇతర సృజన మీద పెట్టేవాళ్లున్నారని స్పష్టంగానే రాశాడు. ముప్పై ఏళ్ల అమ్మాయికి సంబంధాలు చూడాలనుకుంటే చూడండి. మధ్యలో ఎరిక్సన్‌ను సాక్షిగా పిలవకండి.

ఐడెంటిటీ సంక్షోభం పదిహేనేళ్ల పిల్లల జబ్బు అనుకునేవాళ్లు ఆ మాట పుట్టిన చోటు తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మౌంట్ జయన్ ఆసుపత్రికి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు వచ్చేవాళ్లు. వాళ్లకు తమ పేరు తెలుసు, ఊరు తెలుసు. కానీ నిన్నటి తనకూ నేటి తనకూ మధ్య తీగ తెగిపోయింది. ఈ స్థితికే ‘ఐడెంటిటీ సంక్షోభం’ అన్న మాట తాము మొదట వాడామని ఎరిక్సన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. వాళ్లు గడ్డాలొచ్చిన మగవాళ్లు, తుపాకులు పట్టినవాళ్లు. పట్టిక ప్రకారం ఎప్పుడో ఈ దశ దాటేసి ఉండాల్సినవాళ్లు.

అసలు ఎరిక్సన్‌నే ఆ పట్టికలో కూర్చోబెట్టి చూడండి. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్ యూదు స్త్రీ, కన్నతండ్రి ఎవరో ఆయనకు చివరిదాకా తెలియలేదు. సవతి తండ్రి, పిల్లల డాక్టరు థియోడర్ హోంబర్గర్ ఇంటిపేరుతో పెరిగాడు. విశ్వవిద్యాలయం ముఖం చూడకుండా బొమ్మలు గీసుకుంటూ ఐరోపా అంతా తిరిగాడు. 1927లో స్నేహితుడు పీటర్ బ్లాస్ పిలిస్తే వియన్నాలో ఒక చిన్న బడికి పంతులుగా వెళ్లి, అక్కడ ఆనా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణలో తర్ఫీదు పొందాడు. హిట్లర్ వచ్చిన 1933లో అమెరికా చేరాడు. 1939లో పౌరసత్వం వచ్చినప్పుడు ‘ఎరిక్సన్’ అనే కొత్త ఇంటిపేరు పెట్టుకున్నాడు, అంటే ఎరిక్ కొడుకు ఎరిక్ అని. తనకు తానే తండ్రి అయ్యాడని గిట్టనివాళ్లు ఎద్దేవా చేశారు. అప్పటికి ఆయన వయసు 37. మన గైడు ఆయనకు ‘పాత్ర సందిగ్ధం’ అని రాసి 19 ఏళ్ల కిందటే సున్నా వేసి ఉండేది. డిగ్రీ లేని ఆ మనిషి తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు.

ఆయన ఎంచుకున్న మనుషులూ అలాంటివాళ్లే. 20 ఏళ్ల వయసులో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలి డబ్లిన్ నుంచి లండన్ పారిపోయిన బెర్నార్డ్ షా ఆయనకు ఇష్టమైన ఉదాహరణ. 1958లో రాసిన ‘యంగ్ మ్యాన్ లూథర్’ కథానాయకుడు, క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్, 1505లో మఠంలో చేరి, 1517లో 34వ ఏట గానీ లోకం ముందు తన గొంతు విప్పలేదు. ఈ పన్నెండేళ్ల తడబాటును ఎరిక్సన్ జబ్బుగా చూడలేదు. సమాజం యువకుడికి ఇచ్చే గడువుగా చూశాడు. తేల్చుకోనివ్వండి, తొందరపెట్టకండి అని పెద్దలకు చెప్పిన మనిషి పేరు మీద మనం పిల్లల్ని తొందరపెడుతున్నాం. లూథర్ మీద ఆ పుస్తకంలో వాడిన ఆధారాలు బలహీనమని చరిత్రకారులు తప్పుపట్టారు, వాళ్ల మాటలో న్యాయముంది. అయినా ఆయన ఏం చెప్పదలచాడన్నదానిలో అనుమానం లేదు.

గాంధీ గురించి రాసిన పుస్తకం దగ్గర పట్టిక పూర్తిగా చతికిలబడుతుంది. 1962లో జీవితచక్రం మీద సదస్సు నడపడానికి ఎరిక్సన్ అహ్మదాబాద్ వచ్చాడు. 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె ఆయన్ను పట్టుకుంది. 35 శాతం కూలి పెంపు కోసం కార్మికులు, ఒక వైపు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్, ఎదురు వైపు కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయ, మధ్యలో నిరాహార దీక్ష పట్టిన గాంధీ. అప్పటికి గాంధీకి 48 ఏళ్లు. నడివయసు మనిషి ముందు తరానికి ఏం అందిస్తాడు అన్న ప్రశ్నతో ఎరిక్సన్ 1969లో ‘గాంధీస్ ట్రూత్’ రాశాడు. దానికి మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. ఆ పుస్తకం మధ్యలో కథ ఆపి, చనిపోయిన గాంధీని నేరుగా ‘మీరు’ అని సంబోధిస్తూ ఒక ఉత్తరం రాశాడు. దేశానికి అహింస నేర్పిన మీరు సొంత మనుషుల మీద, కస్తూర్బా మీద, ఆశ్రమంలోని పిల్లల మీద చూపిన కాఠిన్యంలో హింస లేదా అని అడిగాడు. ఒకే మనిషి, ఒకే వయసు, కోట్లమందికి తండ్రి, పెద్దకొడుకు హరిలాల్‌కు తండ్రి కాలేకపోయినవాడు. ‘ఉత్పాదకత’ గడిలో టిక్కు పెడతారా, ‘స్తబ్ధత’ గడిలో పెడతారా? ఎరిక్సన్ ఎక్కడా పెట్టలేదు.

ఇంతగా వెనకేసుకొస్తున్నానంటే ఆయన్ను గుడికట్టి పూజించమని కాదు. తప్పులున్నాయి, కొన్ని పెద్దవే. దశల వరస మారదని ఆయన నమ్మాడు. ముందు తానెవరో తేల్చుకోవాలి, ఆపైనే ఇంకొకరికి దగ్గర కావాలి అన్నాడు. హార్వర్డ్‌లో ఆయన దగ్గరే పాఠాలు చెప్పడంలో సాయపడిన కేరల్ గిలిగన్ 1982లో ‘ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్’లో దీన్ని నిలదీసింది. ఇది మగవాళ్ల జీవితం చూసి వేసిన వరస, ఆడవాళ్లలో ఈ రెండూ కలగలిసి నడుస్తాయి, ఆ సంగతి ఎరిక్సన్ గమనించి కూడా పటం మార్చలేదు అంది. నా దృష్టిలో ఈ విమర్శకు ఇప్పటికీ జవాబు లేదు. స్త్రీ మనసును ఆమె శరీర నిర్మాణానికి ముడిపెట్టి 1964లో ఆయన రాసిన వ్యాసం ఇవాళ చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. 1944లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొడుకు నీల్‌ను ఒక సంరక్షణ సంస్థకు పంపి, మిగతా పిల్లలకు బిడ్డ చనిపోయాడని చెప్పిన సంగతిని జీవితచరిత్రకారుడు లారెన్స్ ఫ్రీడ్‌మన్ 1999లో బయటపెట్టాడు. దీన్ని పట్టుకుని సిద్ధాంతమే బూటకమనేవాళ్లు తయారయ్యారు. అది అన్యాయం. తండ్రిగా చేసిన తప్పు పటాన్ని తప్పు చెయ్యదు. ఆ పటంలో నీల్ లాంటి పిల్లలకు చోటెక్కడ అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

అన్నిటికన్నా గట్టి పరీక్ష పెట్టింది పరిశోధకులు. సుసాన్ విట్‌బోర్న్, సహచరులు అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులను కాలేజీ రోజుల నుంచి నడివయసు దాకా 34 ఏళ్ల పాటు వెంబడించి చూశారు. చిన్ననాటి దశలకు చెందిన గుణాలు కాలేజీ దాటాక కూడా మారుతూనే ఉన్నాయి. వెనకబడినవాళ్లు తర్వాత అందుకున్నారు. అంటే తప్పిన బండి తప్పినట్టే అన్న వాదనకు ఆధారం లేదు. 1966లో జేమ్స్ మార్షియా గుర్తింపును నాలుగు స్థితులుగా విడదీశాడు: వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు; వెతక్కుండానే తేల్చేసుకున్నాడు; ఇంకా వెతుకుతున్నాడు; వెతికి తేల్చుకున్నాడు. ఈ పద్ధతిలో జరిగిన అధ్యయనాలన్నిటినీ జేన్ క్రోగర్, మోనికా మార్టినుసెన్, మార్షియా కలిసి 2010లో గుదిగుచ్చి చూస్తే, యువ వయస్కుల్లో కూడా చాలామంది నాలుగో స్థితికి చేరలేదని తేలింది. 18 ఏళ్ల గడువు ఎవరు పెట్టారో వాళ్లే జవాబు చెప్పాలి.

మార్షియా చెప్పిన రెండో స్థితి మన ఇళ్లలో రోజూ కనిపించేది. పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీయా బైపీసీయా అన్నది అమ్మానాన్న, బాబాయి, కాలేజీ పీఆర్వో కలిసి తేల్చేస్తారు. పిల్లాడు తలూపుతాడు. ఏ గొడవా చెయ్యడు, ఏ సందేహమూ లేదు, పట్టిక చూసేవాళ్లకు నిండు గుర్తింపు వచ్చినట్టే కనిపిస్తాడు. వెతకనివాడికి సందేహమెందుకొస్తుంది? ఆ పిల్లాడే పదేళ్ల తర్వాత హైటెక్ సిటీలోనో డాలస్‌లోనో జీతం బాగానే వస్తుండగా ‘నేనిది ఎందుకు చేస్తున్నాను’ అని అడిగితే మతి చెడిందంటారు. వాడికి మతి ఇప్పుడే వస్తోంది. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కుటుంబంతో కలిసి నిర్ణయం తీసుకోవడమే లోపమని మార్షియా కొలమానాన్ని గుడ్డిగా దించుకోవడం కూడా తప్పే. ఒంటరిగా వెతికి తేల్చుకోవడాన్ని శిఖరం మీద కూర్చోబెట్టడంలో అమెరికా అభిరుచి ఉంది. నా అభ్యంతరం ఇంటివాళ్ల సలహా మీద కాదు, పిల్లాడికి నోరు విప్పే వ్యవధి ఇవ్వకపోవడం మీద.

ఆశ్రమాల సంగతి మిగిలింది. ఈ పోలికను శ్రద్ధగా పరిశీలించినవాడు సుధీర్ కకర్. ఎరిక్సన్‌ను అహ్మదాబాద్‌లో కలిసి, తర్వాత హార్వర్డ్‌లో ఆయనకు సహాయకుడైన కకర్ 1968లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశాడు. పోల్చడం వేరు, రెండూ ఒకటే అనడం వేరు. ఆశ్రమ ధర్మం ఏం చెయ్యాలో చెబుతుంది, అదీ ఉపనయనం ఉన్న మగవాడికి. స్త్రీకి, శూద్రుడికి అందులో సొంత మెట్లు లేవు. ఎరిక్సన్ పటం పుట్టిన ప్రతి మనిషికీ ఏం జరుగుతుందో చెప్పాలని చూసింది. ఎంతవరకు చెప్పగలిగిందన్నది వేరే తగాదా.

ఇంకో సంగతి ఆశ్రమాలను గొప్పగా చెప్పేవాళ్లకు రుచించదు. ఆ నాలుగూ మొదట మెట్లే కావు. ఆపస్తంబ, వసిష్ఠ ధర్మసూత్రాల కాలంలో చదువు ముగించిన యువకుడు నాలుగింటిలో తనకు నచ్చిన ఒక దారి ఎంచుకుని, జీవితాంతం అందులోనే ఉండే వీలుండేది. గౌతముడు, బౌధాయనుడు ఉన్నది గృహస్థాశ్రమం ఒక్కటేనన్న ఆచార్యుల మాటను కూడా నమోదు చేశారు. ఒకదాని తర్వాత ఒకటిగా, వయసు ప్రకారం ఎక్కాల్సిన మెట్లుగా అవి స్థిరపడింది తర్వాత, మనుస్మృతి నాటికి. ప్యాట్రిక్ ఒలివెల్ 1993లో రాసిన ‘ది ఆశ్రమ సిస్టమ్’లో ఈ చరిత్రంతా ఆధారాలతో ఉంది. ఆపస్తంబ సూత్రం చెప్పుకునే కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ సూత్రకారుడు యువకుడి ముందు ఉంచిన ఎంపికను మరిచి, మనువు పేర్చిన నిచ్చెనను ఎరిక్సన్ చేతికిచ్చి ఫొటో తీయడం ఇద్దరికీ అన్యాయమే. ఎంపికలు నిచ్చెనగా బిగుసుకుపోవడం మన దేశంలో ఒకసారి జరిగింది, గైడుల్లో మళ్లీ జరుగుతోంది.

ఎరిక్సన్ 1994లో చనిపోయాడు. 90 దాటిన జోన్, ఆయన 1982 నాటి పుస్తకానికి కొత్త అధ్యాయాలు కలిపి 1997లో విడుదల చేసింది. అందులో తొమ్మిదో దశ ఉంది. ఎనభై, తొంభై ఏళ్ల వయసులో పాత సంక్షోభాలన్నీ తిరిగొస్తాయని, ఈసారి చెడ్డ వైపే ముందు నిలబడుతుందని రాసింది. కాళ్లను నమ్మలేం, స్నానాలగదికి ఒంటరిగా వెళ్లలేం, ఒకప్పుడు ఏడాది పిల్లకు ఎదురైన అపనమ్మకమూ రెండేళ్ల పిల్లకు ఎదురైన సిగ్గూ ముసలి ఒంట్లోకి మళ్లీ దిగుతాయి. పటం గీసిన ఇద్దరిలో ఒకరు, తమ సిద్ధాంతంలో ఏ ప్రశ్నా ఏ వయసులోనూ మూతపడదని అనుభవించి రాసిపోయారు. గైడుల్లో ఇంకా ఎనిమిదే దశలు.

ఈ గైడులు రాసేవాళ్లకూ, బిట్లు తయారుచేసేవాళ్లకూ ఒక విన్నపం. వయసుల గడి తీసేయండి, లేదా అంకెల పక్కన ‘సుమారు’ అని రాయండి. ఐమూల గీతతో, ఖాళీ గళ్లతో 64 గళ్ల పటం మొత్తం అచ్చేయండి, ఒక పేజీ ఖర్చు. ‘ఏ వయసులో ఏ సంక్షోభం’ అన్న ప్రశ్న మాని, ఒక పదిహేడేళ్ల పిల్ల కథ నాలుగు వాక్యాల్లో ఇచ్చి అందులో ఏ ఏ పాత ప్రశ్నలు తిరిగొస్తున్నాయో అడగండి. జవాబు రాయలేని అభ్యర్థి తరగతి గదిలోకి వెళ్లకముందే ఆ సంగతి బయటపడుతుంది.